కడసూపు దక్కనియ్యలే

వడ్డేపల్లి,
జనవరి 2006

వదినె సత్యమ్మకు,

ఆడిబిడ్డ జములమ్మ రాసేది. ఈడ అందరం బాగున్నమని రాయాలె గాని, నువ్వు చేసిన పనికి నేను మాత్రం బాగలేను.

ముసలోళ్ల ఆశ్రమంల చేరినవంట! చేరి నెల కావస్తుందంట, నాకు నిన్న తెలిసింది. అదిగూడ ఎవరు చెప్పిండ్రు? మీ బిజినేపల్లిల పెండ్లికి పోయొచ్చిన మా వాడకట్టు జోగులమ్మ చెప్పింది. "మీ వదినె కిరాయిల్లు ఖాళీ చేసి వనపర్తి ఆశ్రమానికి పోయిందంట గదనే, మీరు సూస్కోరా?" అని నలుగురిల అడిగితె నా మొకం యాడ పెట్టుకోవాలె? పైకెల్లి నా కొడుకు అనిల్ గాడే దగ్గరుండి చేర్పిచ్చి, నీకేమన్న అయితె బాధ్యత నాదని సంతకం పెట్టొచ్చిండు. ఇంట్ల ఒక్క ముక్క చెప్పలే. అడిగితె "అత్తమ్మ చెప్పొద్దన్నది" అంటుండు. అత్త అల్లుడు కలిసి నన్ను ఎడ్డిదాన్ని చేసిండ్రు!

మా అన్న పోయినప్పటిసంది అడుగుతనే ఉన్న, ఒక్కదానివి ఏం చేస్తవ్, మా ఇంటికి రా అని. పిల్లలు లేరని నువ్వెందుకు అనుకోవాలె? నా కొడుకు నీకు కొడుకు కాదా? పత్తి పోసే అర్ర ఉంది, పత్తి తీపిచ్చి సున్నం ఏపిస్తుంటి. బళ్లె టీచరమ్మ పని చేసి పింఛిని తెచ్చుకునేదానివి, నీకేం తక్కువైందని పరాయోళ్ల బువ్వ తింటున్నవ్?

ఫోన్ చెయ్యమంటుండు అనిల్. నాకు ఫోన్ల ఒక్క మాట ఇనపడదు, నీకు తెల్సు. ఏడో తరగతి దాక చదివిచ్చిన మా నాయినకు దండం పెట్టుకో, లేకుంటె ఈ తిట్లన్ని పక్కింటోళ్లతోని రాపిచ్చేదాన్ని.

జవాబు రాయి. రాయకుంటె బస్సెక్కి వస్త, నీ పెట్టె నేనే నెత్తిన పెట్టుకోనొస్త.

జములమ్మ


వనపర్తి,
ఫిబ్రవరి 2006

ఓ ఆడిబిడ్డా,

నీ ఉత్తరం చదివి నవ్వొచ్చింది, కోపం గూడ వచ్చింది. పరాయోళ్ల బువ్వ అంటవా? నా పింఛినిల కెల్లి నెలనెలా కట్టి తింటున్న. ఎవ్వరి ధర్మం తింటలేను.

నీకు ముందే చెప్తె ఏం చేస్తుంటివో నాకు తెల్వదా? వచ్చి గడప మీద కూసొని ఏడ్చి ఏడ్చి నన్ను లేవదీసుకోని పోతుంటివి. అందుకే చెప్పలే. కిందటి వానకాలం స్నానాల అర్రల జారిపడ్డ. పాలామె వచ్చిందాక లేవరాక అట్లనే బండల మీద పడున్న. అరిస్తె ఇనేటోడు లేడు. ఆ దినమే అనుకున్న, ఇట్ల ఒంటిగ ఉండొద్దని.

నీ ఇంటికి ఎందుకు రాలేదంటవా? నీ ఇంట్ల నేను సుట్టాన్ని జములూ. సుట్టం ఎన్నాళ్లు మంచం మీద కూసొని చాయ తాగుతది? నీ కోడలు ఏమనది, మంచి పిల్ల. అననందుకే నాకు సిగ్గైతది.

ఈడి సంగతి ఉన్నదున్నట్టు చెప్త, ఇను. మంచం పక్కన గంట తాడు ఉంటది, గుంజితె ఎవరో ఒకరు ఉరికొస్తరు. వారానికోసారి డాక్టరు వస్తడు. పొద్దుగాల వేడి నీళ్లు, చదవనీకె పేపరు, మాట్లాడనీకె మనుషులు. యాడికి పోయినవ్, ఎందుకు పోయినవ్ అని అడిగేటోళ్లు లేరు. ఇగ బాగలేనియ్ గూడ ఇను. కూరల ఉప్పు కారం ఉండయ్. జొన్నరొట్టె అడిగితె "మీకు అరగదు మేడం" అంటరు. కడుపు నాది, అరగదని వాళ్లకెట్ల తెల్సు? పేరు పెట్టి పిలువరు, నేను ఎనిమిదో నంబరు. "ఎనిమిదీ, గోళీ ఏసుకున్నరా?" అని అరుస్తరు. మేమే అక్క, అన్న అని వరుసలు కలుపుకుంటె మేనేజరు రాఘవేందర్‌కు నచ్చదు. వరుసలు కలిస్తె గుంపులైతరంట, గుంపులైతె లొల్లంట. సార్ అనాలె, మేడం అనాలె. ఆయన చెడ్డోడు కాదు గాని, మనుషుల్ని సామాను లెక్క సర్దిపెడ్తడు.

నా అర్రల ఇంకొకామె ఉన్నది, తిరుపతమ్మ. కల్వకుర్తి దిక్కు. వయసుల ఉన్నన్నాళ్లు మట్టిపనికి దేశమంత తిరిగింది. చర్చికి పోతది. చెల్లె కొడుకు డేవిడ్ తప్ప ఎవ్వరు లేరు, ఆ పిల్లగాడు పూనాల బిల్డింగు పనిల ఉన్నడు. ఆశ్రమపోళ్లు ఆమెను పైసలు లేకుండనే చేర్చుకున్నరు, అది మెచ్చుకోవాలె. మేనేజరు లేనప్పుడు నన్ను "అక్కా" అంటది. నా మోకాళ్లకు నూనె రుద్దుకుంట యాడెక్కడ ఏం కాల్వ తవ్విందో చెప్తది.

కాబట్టి నా పెట్టె జోలికి రాకు. నువ్వు ఒక్కదానివి రా, సూసి పో.

సత్యమ్మ


వడ్డేపల్లి,
మార్చి 2006

వదినెకు,

బండల మీద పడితె నాకు చెప్పవా? ఎవరిని అడిగి దాసినవ్? నేను ఏడుస్తనని దాసినవా? ఏడుస్త! ఏడ్వనీకెనే ఉన్న! నువ్వు పడితె నేను ఏడ్వకుంటె ఎవరేడుస్తరు?

ఎనిమిదో నంబరంట. అంగట్ల ఎడ్లకు ఏస్తరు నంబర్లు. ఇంతమంది పిల్లలకు అక్షరాలు నేర్పిచ్చినదానికి పేరే లేకపాయె. ఆ మేనేజరు ఒక్కసారి మా వడ్డేపల్లికి రమ్మను, వరుస లేకుండ వాణ్ని ఎట్ల పిలువాలో మేం నేర్పిస్తం.

సరే, వేడి నీళ్లు మంచియే, గంట తాడు మంచిదే. నేను కాదంటలేను. గాని నా కడుపుల ఉన్నది అడుగుతున్న, జర నిదానంగ ఇను. రేపు నీకు జరగరానిది జరిగితె నీ మీద పడి ఏడ్చేటోళ్లెవరు? ఈడ మొన్న మా వాడకట్టుల ముసలవ్వ పోతె నాలుగు గల్లీలోళ్లు వచ్చిండ్రు. అత్తా అని ఒకతె, అవ్వా అని ఒకతె, వరుస పెట్టి శోకం తీసిండ్రు. కడసూపు కోసం కర్నూలు కెల్లి బిడ్డ వచ్చిందాక లేపలే. ఆడ నంబర్లోళ్లు ఏమని ఏడుస్తరు? "ఓ ఎనిమిదీ" అని ఏడుస్తరా?

నాకు ఒక్కటే మాట ఇయ్యి. నీకేమన్న అయితె నాకే మొదలు చెప్పాలె, నేను వచ్చిందాక నిన్ను కదిలియ్యొద్దు. నాకేమన్న అయితె నీకు మొదలు చెప్పమని అనిల్‌తోని ఒట్టు పెట్టిపిచ్చుకున్న. నాకు ఇంక వేరే భయం లేదు వదినె, నీ మొకం సూడకుండ పంపియ్యనీకె నా పానం ఒప్పదు.

ఆ తిరుపతమ్మ నిన్ను అక్క అంటదా? అననియ్యి. నూనె రుద్దుతుంది గద, అందుకని ఊకుంటున్న.

జములమ్మ


వనపర్తి,
ఏప్రిల్ 2006

జములూ,

అక్షరాలు వంకరపోతె తిట్టకు. తిరుపతమ్మ లేదు.

ఉగాది ముందు ఆమెకు ఆయాసం వచ్చింది. గంట గుంజిన, ఉరికొచ్చిండ్రు, ఆటోల దవాఖానకు తీస్కపోయిండ్రు. అంతవరకు ఎవ్వరిని ఏమనను. మరునాడు అడిగితె రాఘవేందర్ "బాగున్నది మేడం, రొండ్రోజులల్ల వస్తది" అన్నడు. నమ్మిన. ఉగాదినాడు భక్ష్యాలు చేసిండ్రు. ఆమెకు భక్ష్యాలంటె పానం. ఒకటి ఆకుల చుట్టి, దవాఖానకు పంపియ్యమని ఈడ మమ్ముల సూస్కునే ఆయమ్మ గీత చేతుల పెట్టిన. ఆ పిల్ల తల దించుకోని తీస్కపోయింది!

నిన్న డేవిడ్ వచ్చిండు, పెద్దమ్మ పెట్టె కోసం. "పోయేముందు నా పేరు తీసిందా అవ్వా?" అని అడిగిండు. "యాడికి పోయింది నాయినా, దవాఖానల ఉన్నది గద" అన్న. నాకు తెల్వదని ఆయనకు తెల్వదు. ఆయన నోటితోనే చెప్పాల్సొచ్చింది.

ఉగాది పొద్దుగాలనే పానం పోయిందంట. పెట్టెల పెట్టి తెచ్చి, వంటింటి అవుతల వెనక గేటు కాడ చర్చి అయ్యగారితోని ప్రార్థన చేపిచ్చి, అటుకెల్లి అటే మట్టిల పెట్టిండ్రంట. ఒక్క గోడ జములూ! గోడకు అవుతల ఆమె ఉన్నది. గోడకు ఇవుతల నేను బంతిల కూసొని భక్ష్యాల మీద నెయ్యి ఏపిచ్చుకున్న. ఇంకొకటి అడిగి తిన్న. ఇప్పుడు మెతుకు మింగుడు పడ్తలేదు.

రాఘవేందర్ ముందలికి పోయి అడిగిన. "పోయినేడు ఒకాయన పోతె అందరు సూసి ఇద్దరు మంచం పట్టిండ్రు మేడం. డాక్టరే సూపియ్యొద్దన్నడు. మీ మంచికే" అన్నడు. నా మంచి నీకెవడు అప్పజెప్పిండయ్యా అన్న. మొగని నోట్ల తులసినీళ్లు పోసినదాన్ని, సావు సూడలేనా అన్న. "సరే మేడం, మిగతావాళ్లకు మాత్రం చెప్పకుండ్రి" అన్నడు. సక్కగ బువ్వ తినే హాలుకు పోయి, అందరు ఇనేటట్టు చెప్పిన. అప్పుడు తెలిసింది, బిడ్డ ఇంటికి పోయిందన్న నాలుగో నంబరామె గూడ గట్లనే పోయిందని. గద్వాల డిపోల కండక్టరు పని చేసి దిగిన బాలన్న ఉన్నడు, నాతోని దినాం పేపరు కోసం కొట్లాడేటోడు. ఆయన పళ్లెం నూకేసి "మమ్ముల చెత్త లెక్క ఎనక కెల్లి పారబోస్తరా?" అని అరిచిండు.

నువ్వు అడిగినప్పుడు నవ్వుకున్న. నీ భయం నాకు ఇప్పుడు తెలిసింది.

సత్యమ్మ


వడ్డేపల్లి,
మే 2006

వదినెకు,

తిరుపతమ్మ మీద కుళ్లుకున్నందుకు నా నోట్ల మన్ను వొయ్య. ఆమె కోసం ఈడ ఒక్కదాన్నే కూసొని ఏడ్చిన. వరుస తెల్వక "అక్కా" అనే ఏడ్చిన.

ఇగ అసలు సంగతి ఇను. నీ మేనేజరు అనిల్‌కు ఫోన్ చేసిండు. మీ అత్త అందరిని రెచ్చగొడ్తుంది, వచ్చి తోల్కపోండి అన్నడంట. నిజం చెప్తున్న, మొదలు నాకు సంబురమైంది. లేసి పత్తి అర్ర ఊడ్చిన, సున్నం నానబెట్టమన్న. నా వదినె నా ఇంటికి వస్తుంది, ఇంకేం గావాలె?

సున్నం నానుతుంటె కడుపు మండిపోయింది. నా వదినెను నేను పిలుస్తె రాలే. వీడు మెడవట్టి గెంటితె వస్తదా? తప్పు చేసినోడు కుర్చీల కూసుంటె, అడిగినామె పెట్టె సర్దాలెనా? "ఫోన్ కలుపురా" అన్న అనిల్‌ను. వాడు మొత్తుకున్నడు, లొల్లి ఎందుకమ్మా అని. పక్కన నిలబడి ఒక్కో మాట చెప్పి అనిపిచ్చిన. "మా అత్తను తోల్కపోము. ఆమె అంతట ఆమె వస్తె నెత్తిన పెట్టుకుంటం. మీరు ఎల్లగొడ్తె మా అమ్మ వడ్డేపల్లి ఆడోళ్లను ట్రాక్టరు మీద ఎక్కిచ్చుకోని మీ గేటు కాడ కూసుంటదంట" అని చెప్పిండు.

నువ్వు రాకు. ఈ మాట నేను రాస్తనని నేనే అనుకోలే. నీ పెట్టె బయట పడేస్తె దాని మీదనే కూసో. బుక్కెడు తిను, గోళీలు ఏసుకో. కొట్లాడనీకె ఒంట్ల బలం ఉండాలె.

జములమ్మ


వనపర్తి,
జులై 2006

నా ఆడిబిడ్డకు,

నీ ట్రాక్టరు మాట బాగ పనిజేసింది. మల్ల నన్ను పొమ్మనలే. పలకరియ్యలే గూడ.

మొన్న బాలన్న పోయిండు. పొద్దుగాల చాయ తాగి, పేపరు నా కంటె ముందు గుంజుకోని, తన అర్రకు పోయి సదువుకుంటనే ఒరిగిండంట. గీత ఉరికొచ్చి నా చెవుల చెప్పింది, "టీచరమ్మా, ఈసారి నేను దాయలేను" అని. అంతే, గంట తాళ్లన్ని గుంజినం. అందరం కుర్చీలు మోస్కపోయి వెనక గేటుకు అడ్డంగ కూసున్నం. నడవరానోళ్లను చక్రాల కుర్చీలల్ల తోస్కపోయినం. రాఘవేందర్ వచ్చి బతిలాడిండు, బెదిరిచ్చిండు, ఆఖరికి నెత్తి పట్టుకోని మెట్ల మీద కూసున్నడు. "ముందల గేటు తీయి నాయినా, ఇంక మేమేమీ అడగం" అన్న.

తీసిండు. వరండల పండవెట్టిండ్రు. బిడ్డ పద్మజ గద్వాల కెల్లి వచ్చిందాక కదిలియ్యలే. ఇగ నా గోస ఇను. ఏడుద్దమంటె వరుస లేదు! ఏమని ఏడ్వాలె? బతికున్నన్నాళ్లు ఆయన నన్ను "ఓ టీచరూ" అనేటోడు, నేను "ఓ కండక్టరూ" అనేదాన్ని. చివరికి నాకంటె చిన్నోడు గద అని "ఓ తమ్మీ బాలన్నా, పేపరు నీకే ఇస్తరా, లేవరా" అని మొదలు పెట్టిన. ఆ మాట నోట్ల కెల్లి పడినంక ఆగలే. ఒకామె అన్నా అన్నది, ఒకాయన బావా అన్నడు. తిరుపతమ్మ కోసం ఏడ్వంది గూడ అందరం అప్పుడే ఏడ్చినం.

మాతోని ఉండేటోళ్లల్ల వెంకటయ్యకు మాత్రం బీపీ పెరిగింది. రాఘవేందర్ చెప్పిన దాంట్ల అబద్ధం లేదు. వెంకటయ్య గోళీ ఏసుకోని మల్ల వచ్చి కూసున్నడు, మంచం పట్టలే.

సాయంత్రం రాఘవేందర్ అందరి ముందల నిలబడి మాటిచ్చిండు. ఇగ నుంచి ఎవ్వరు పోయినా, ఈడి మనిషైనా మీ ఇంటి మనిషైనా, తనకు తెల్సిన గడియల్నే చెప్తనన్నడు. నమ్మాల్నా వద్దా తెల్వదు. ఇప్పుడైతె మేమందరం వరుసలు కలుపుకున్నం. నాకు ఇద్దరు అక్కలు, ఒక బావ, లెక్కలేనంతమంది తమ్ముళ్లు.

తిరుపతమ్మ మంచం ఖాళీగనే ఉన్నది. వచ్చి కొన్నాళ్లుండి పో.

సత్యమ్మ


వడ్డేపల్లి,
సెప్టెంబరు 2006

వదినెకు,

నీ ఉత్తరం మల్ల మల్ల చదివిన. మా కోడలితోని సదివిచ్చుకోని గూడ ఇన్న. పేపరు నీకే ఇస్తరా అనే కాడ నవ్వుడు, ఏడుపు రొండూ వచ్చినయ్.

ఈడ సీడు పత్తి క్రాసింగు నడుస్తుంది. తెల్లారకముందే అందరు చేనుకు పోయి పొద్దుగూకినంక వస్తరు. విత్తనం కట్టనీకె పువ్వు మీద పువ్వు రుద్దాలె, ఒక్క దినం తప్పినా పంట పోతది, వాళ్లను ఏమంటం? నేను ఒక్కదాన్నే ఇంట్ల. నీకు ఇంతకుముందు రాయలే, దినమంత మాట్లాడనీకె మనిషి లేదు. నిన్ను ఒంటిగ ఉన్నవని తిట్టినదాన్ని, ఇంతమంది ఉన్న ఇంట్ల నేనే ఒంటిగున్న. ఆడ గంట గుంజితె ఉరికొస్తరు. ఈడ నేను అరిస్తె కోళ్లు సూస్తయ్.

జర నడిస్తె ఆయాసమొస్తుంది. అనిల్ రాయచూరు దవాఖానకు తోల్కపోత అంటుండు. పోయొచ్చి, దసర అయినంక నీ కాడికి వస్త. తిరుపతమ్మ మంచం ఎవ్వరికీ ఇయ్యొద్దని చెప్పు. ఉప్పు కారం లేని బువ్వ నేను తినను, కారం సీసా తెచ్చుకుంట, మీ మేనేజరు ఏమన్న అంటె సూస్కుంట.

జములమ్మ


వడ్డేపల్లి,
అక్టోబరు 2006

అత్తమ్మకు నమస్కారాలు.

అమ్మను రాయచూరు దవాఖానల చేర్పిచ్చినం. ఇప్పుడు బాగనే ఉన్నది, జర నయమైంది. నిన్ను అడిగింది. రాయనీకె చేతగాక నన్ను రాయమన్నది. నువ్వు పరేషాన్ కాకు, ఇప్పుడే బయలెల్లి రాకు. నేనే వచ్చి తోల్కపోత. గోళీలు టైముకు ఏసుకో.

నీ అల్లుడు
అనిల్


వనపర్తి,
అక్టోబరు 2006

అనిల్,

చిరంజీవి అని రాయబుద్ధైతలేదు.

ఇయ్యాల పొద్దుగాల రాఘవేందర్ నా అర్ర గుమ్మం కాడికి వచ్చిండు. కూసోమంటె కూసోలే. "మేడం, మీ అల్లుడు ఫోన్ చేసిండు. మీ ఆడిబిడ్డ పోయిందంట. దినం కర్మ అయ్యేదాక మీకు చెప్పొద్దన్నడు, మీకు బీపీ ఉన్నదని. నేను మాటిచ్చిన గద, అందుకే చెప్తున్న" అన్నడు. చెప్పి, కండ్లు తుడుసుకున్నడు. ఎవరి మీదనైతె నేను కుర్చీ ఏసుకోని కొట్లాడిన్నో ఆ మనిషి చెప్పిండు. నా ఇంటోడివి నువ్వు దాసినవ్!

మీ అమ్మ బాగనే ఉన్నదని రాసినవ్. నువ్వు ఆ ఉత్తరం రాసేనాటికే ఆమె మీద కట్టెలు పేర్చిండ్రంట గద. నన్ను అడిగిందని రాసినవ్. పోయిన మనిషి నన్ను అడిగిందని రాయనీకె నీకు చెయ్యి ఎట్ల వచ్చిందిరా? ఆ కాయితం పట్టుకోని నేను తిరుపతమ్మ మంచం కడిగిచ్చిన, కొత్త దుప్పటి పరిచిన, మా ఆడిబిడ్డ వస్తదని అందరికీ చెప్పిన.

అత్తమ్మ ఓర్చుకోలేదు అనుకున్నవా? ఓర్చుకోలేను. ఓర్చుకోకపోవుడు నా హక్కు. ఆమె మొకం ఒక్కసారి సూసి, చెయ్యి పట్టుకోని, జములూ అని పిలిచి పంపిచ్చేది ఉండె. అది ఒక్కటే అడిగింది నీ తల్లి. ఒట్టు పెట్టిపిచ్చుకున్నది నీతోని. నాకు బీపీ పెరుగుతుండె, పెరగనీ! గోళీ ఏసుకుంటుంటి, లేకుంటె ఆమె పక్కనే పడి పోతుంటి. నీ సొమ్మేం పోతుండె?

ఈడోళ్లు నన్ను ఒక్కదాన్ని ఇడిసిపెట్టలే. అక్కలు వచ్చి నల్లా కాడ కూసోబెట్టి తలమీద నీళ్లు పోసిండ్రు. "మా అక్క ఆడిబిడ్డ మాకు గూడ ఆడిబిడ్డే" అని వెంకటయ్య తానం చేసిండు. జములమ్మను సూడనన్న సూడనోళ్లు ఏడ్చిండ్రు.

దినంనాడు నేను వస్తున్న. బస్సు స్టాండు కాడికి రాకు, నాకు తొవ్వ తెల్సు. గీత తోడొస్తుంది. కుర్చీ ఏయొద్దు, నాకు మర్యాదలు చెయ్యొద్దు. మీ అమ్మ పానం ఇడిసిన తావు సూపియ్యి, ఆడ కింద కూసుంట. ఇన్ని దినాలకు ఏందీ ఏడుపు అని సుట్టాలు అంటరు, అననియ్యి. చాలు అత్తమ్మా అని ఎవ్వరు నా భుజం మీద చెయ్యి ఏయొద్దు, నువ్వు అసలే ఏయొద్దు. నేను ఏడ్చుడు అయ్యేదాక దినం బువ్వకు ఇస్తార్లు పరువొద్దు.

సత్యమ్మ